ఏ మొక్కను ఉంచుకుంటారు?

వరిలో కొత్త రకం కోసం పనిచేసే శాస్త్రవేత్త పొలంలోకి దిగేటప్పుడు చేతిలో ఉండే సరంజామా చాలా తక్కువ. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, దారం కట్టిన అట్టముక్క చీటీలు కొన్ని. ఎదురుగా మాత్రం వేల మొక్కలు. అన్నీ ఒకే జంటకు పుట్టినవే. అయినా ఒకటి మోకాలెత్తు, పక్కది నడుమెత్తు. ఒకదానికి పిలకలు ఆరు, ఇంకోదానికి ఇరవై. ఒకటి అప్పుడే ఈనింది, మరొకటి ఇంకా పొట్టమీదే ఉంది. కోతలనాటికి వీటిలో కొద్ది మొక్కలకే చీటీ పడుతుంది. మిగతావి మామూలు ధాన్యంలో కలిసిపోతాయి. చీటీ పడినవాటిలోంచి కూడా ఏడెనిమిదేళ్లు వడకట్టాక ఒకటి నిలిస్తే ఆ సంకరం పండినట్టే లెక్క.

ఆ చీటీ కట్టే విద్య మన యువతకు ఇప్పుడు అత్యవసరమని నేను గట్టిగా నమ్ముతాను. గ్రూప్-2 పుస్తకాలు ఒక అరలో ఉంటాయి. పైథాన్ కోర్సు ఫోన్‌లో సగంలో ఆగి ఉంటుంది. జిమ్ కార్డు పర్సులో ఉంటుంది. స్నేహితుడితో కలిసి పెట్టాలనుకున్న వ్యాపారం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. మొదలుపెట్టమని, భయపడొద్దని చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మొదలుపెట్టినవాటిలో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని తీసేయాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేరు. మొక్కలు ఎంచేవాళ్లు మాత్రం ఈ పనిని వందేళ్లకు పైగా పద్ధతిగా చేస్తున్నారు. వాళ్లను అడిగి నేర్చుకుందాం.

ముందు ఒక ఊరట. ఇన్ని మొదలుపెట్టినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రెండు మేలురకాలను సంకరపరిస్తే మొదటి తరం మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఏరడానికి అక్కడేమీ ఉండదు. రెండో తరంలోనే తాతముత్తాతల గుణాలు విడివడి, ఏ మొక్కకు ఆ మొక్క వేరుగా నిలబడుతుంది. అందుకే ఆ తరాన్ని వీలైనంత ఎక్కువ మొక్కలతో వేస్తారు. యాభై మొక్కలు వేస్తే దొరికేది యాభైలో మేటి మాత్రమే. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసు అలాంటి తరమే. ఆ వయసులో పది పనులు చేసి చూడాలి. చూడనివ్వాలి కూడా.

పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ను అంకితమిచ్చిన లూథర్ బర్బాంక్ మొక్కలు ఎంచడంలోనే జీవితం గడిపాడు. 1872లో, ఇరవై మూడేళ్ల వయసులో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆయనకు ఒక బంగాళదుంప మొక్క మీద కాయ కనిపించింది. ఆ రకం కాయ కాయడం అరుదు. అందులో ఇరవై మూడు గింజలున్నాయి. అన్నిటినీ నాటాడు, అన్నీ మొలిచాయి. దుంపలు తవ్వి చూస్తే ఏ మొక్క తీరు దానిదే. అన్నిటినీ మించి ఒక మొక్క పెద్ద దుంపలు, ఎక్కువ దుంపలు ఇచ్చింది. దాన్ని ఉంచుకున్నాడు. 1875లో దాన్ని ఒక విత్తన వ్యాపారికి 150 డాలర్లకు ఇచ్చి, కాలిఫోర్నియా రైలెక్కాడు. ఇవాళ ఫ్రెంచ్ ఫ్రైస్ చేసే రస్సెట్ బర్బాంక్ దుంప ఆ మొక్క వంశమే. ఇరవై మూడూ నాటకుండా చేతికొచ్చిన నాలుగు గింజలే నాటి ఉంటే ఆ ఒక్కటి అందులో ఉండేదో లేదో చెప్పలేం.

వేసేటప్పుడు ధారాళంగా వేయాలి సరే. ఏరేటప్పుడు ఏం చూడాలి? ఈ ప్రశ్నకు జవాబు పొలంలోకి దిగకముందే కాగితం మీద ఉండాలి. దిగాక ఆలోచిద్దాం అనుకుంటే కంటికి ఇంపుగా ఉన్నదల్లా మంచిదే అనిపిస్తుంది. శాస్త్రవేత్త ముందే రాసుకుంటాడు: ఇన్ని రోజుల్లో కోతకు రావాలి, గాలివానకు పడిపోకూడదు, గింజ సన్నంగా ఉండాలి. మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే ఏమవుతుందో లెక్క చూడండి. రెండో తరంలో నాలుగు మొక్కలకు ఒకదానిలో బయటపడే గుణం ఉందనుకోండి. అలాంటివి మూడు ఒకే మొక్కలో కావాలంటే 64 మొక్కలకు ఒకటి దొరుకుతుంది. ఆరు కావాలంటే 4,096కు ఒకటి. కోరికల చిట్టా రెట్టింపైతే వెతకాల్సిన మొక్కలు రెట్టింపు కావు, అరవై నాలుగింతలవుతాయి.

ఉద్యోగం గురించి మన కోరికల చిట్టా ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. జీతం బాగుండాలి, సొంతూరికి దగ్గరగా ఉండాలి, ఒత్తిడి ఉండకూడదు, నలుగురిలో పేరుండాలి, సాయంత్రం ఆరింటికి ఇంటికి రావాలి, నచ్చిన పనై ఉండాలి. ఇందులో ఒక్కటీ తప్పు కోరిక కాదు. అన్నీ కలిపి ఒకేచోట వెతకడం వల్లే ఏళ్లు గడిచిపోతాయి. మూడు రాసుకోండి. ఆ మూడూ ఉన్నది దొరికితే చీటీ కట్టండి. మిగతావి దొరికితే అదృష్టం అనుకోండి.

ఇక అసలు పని, అంటే చూపు. కొత్తగా పొలంలోకి వచ్చిన విద్యార్థికి మొదట నేర్పేది ఒకటుంది. గట్టు పక్క వరసలోని మొక్కను నమ్మకు. ఆ మొక్కకు ఒకవైపు పోటీ లేదు. ఎండ ఎక్కువ తగులుతుంది, గాలి ఎక్కువ ఆడుతుంది, వేళ్లకు చోటెక్కువ. దుబ్బు బలంగా, ఆకు పచ్చగా, వెన్ను బరువుగా ఉంటుంది. దాని గింజ తీసుకెళ్లి మరుసటి ఏడు మడి మధ్యలో వేస్తే మామూలు మొక్కే వస్తుంది. ఆ బలం మొక్కది కాదు, చోటుది. అందుకే అంచు వరసలను లెక్కలోంచి తీసేస్తారు. అలాగే మడి మధ్యలో చౌడు తగిలిన చోట ఒక మొక్క మంచి నేలలో ఉన్నవాటికంటే నాలుగు వేళ్లు పొట్టిగా ఉన్నా, దాని చుట్టూ ఉన్నవన్నీ ఎర్రబడి కూర్చుంటే, అనుభవమున్న కన్ను అక్కడే ఆగుతుంది.

డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సన్ 1903లో ప్రకటించిన చిక్కుడు గింజల ప్రయోగం ఇక్కడ తలచుకోవాలి. ఒకే మొక్క సంతతిలోంచి పెద్ద గింజలు వేరుగా, చిన్న గింజలు వేరుగా వేసి పండించాడు. రెండింటి పంటలోనూ గింజల సగటు బరువు ఇంచుమించు ఒకటే వచ్చింది. ఆ పెద్దతనం నేలా నీరూ పెట్టిన భిక్ష, పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి పిల్లలకు అందలేదు. ఈ చోటు మాయలో పడకుండా ఎంచుకోవడానికి 1961లో అమెరికాలో గార్డ్‌నర్ అనే ఆయన మొక్కజొన్నకు ఒక తేలిక ఉపాయం చెప్పాడు. పొలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో మేటిని ఆ గడిలోనే ఎంచుకోవాలి. సారవంతమైన మూలలో ఉన్నదాన్ని చవిటిమూలలో ఉన్నదానితో పోల్చకూడదు.

హైదరాబాద్‌లో పేరున్న కోచింగ్‌లో చేరి, నాన్న ఫీజు కడుతుంటే, అమ్మ టిఫిన్ బాక్సు అందిస్తుంటే వచ్చిన మార్కును, ఆదిలాబాద్ జిల్లా హాస్టల్లో ఉంటూ వచ్చిన మార్కును పక్కపక్కన పెట్టి చూడడం ఈ తప్పే. మీకు అన్నీ అమిరిన చోట వచ్చిన విజయాన్ని మీ గుణం అనుకోకండి. చోటు మారినప్పుడు అది మీతో వస్తుందో రాదో చూశాకే నమ్మండి. మీరు చౌడులో నిలబడ్డవారైతే, పక్క ఊరి ర్యాంకు చూసి తల దించుకోకండి. మీ గడిలో మీరెక్కడున్నారో అదే మీ కొలత. చౌడులో పొట్టిగా నిలిచిన మొక్కను మంచి నేలలో వేసి చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. ఆ మంచి నేల కోసం దరఖాస్తులు పెట్టండి. స్కాలర్‌షిప్పులు, గురుకులాలు, ఫెలోషిప్పులు ఉన్నది అందుకే.

చూసే వేళ కూడా ముఖ్యం. నారుమడిలో అందరికంటే ముందు తలెత్తిన మొక్కే కోతలప్పుడు మేటి అవుతుందన్న భరోసా లేదు. అలాగని నారుమడిని చూడకుండా ఉండరు. తెల్లగా పాలిపోయినవి, ఎదగనివి అక్కడే తీసేస్తారు. పిలకలు వేసేటప్పుడు ఒకసారి, ఈనేటప్పుడు ఒకసారి, పాలు పోసుకునేటప్పుడు ఒకసారి, పండాక ఒకసారి పొలమంతా తిరుగుతారు. ఒక్కో దఫాలో ఆ దశకు సంబంధించిందే చూస్తారు. వరుసగా చీటీలు పడిన మొక్క చివర్లో గెలుస్తుంది. ఒక్కరోజు మెరిసినదానికి విలువ తక్కువ.

తెగుళ్ల మడి సంగతి ఇంకా గట్టిది. అగ్గితెగులును తట్టుకునే మొక్క కావాలంటే తెగులు లేని చోట వెతికి లాభం లేదు. తెగులు అంటించే రకాలను కావాలనే చుట్టూ వరసలుగా వేసి, తేమ ఎప్పుడూ ఆరకుండా చూసి, తెగులును పిలిచి మరీ తెస్తారు. వారం తిరిగేసరికి ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు మొదలవుతాయి. అన్నీ ఎండుతున్నప్పుడు ఏది పచ్చగా ఉందో దాని మీద చెయ్యి వేస్తారు.

మీ అలవాట్లలో, పనుల్లో ఏది నిజంగా మీదో తెలుసుకోవాలంటే మీ గడ్డురోజులను గుర్తు చేసుకోండి. పరీక్ష పోయిన నెల, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన నెల, చేతిలో డబ్బు ఆడని నెల. ఆ రోజుల్లో కూడా ఎవరూ అడగకుండా మీరు చేసిన పని ఏది? రాత్రి పదింటికి అలసిపోయి కూడా రెండు పేజీలు రాశారా? పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పడం మానలేదా? పాడైన మిక్సీ విప్పి కూర్చున్నారా? హుషారుగా ఉన్నప్పుడు చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ నెలలో చేసింది ఒక్కటీ ఒక ఎత్తు. నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష లేదు.

ఇవన్నీ జ్ఞాపకం మీద వదిలేయకూడదు. అంత గొప్ప బర్బాంక్‌కు ఉన్న పెద్ద లోపం ఇదే. ఆయన చూపు అద్భుతం. రాతకోతలు మాత్రం అంతంతమాత్రం. 1905లో కార్నెగీ సంస్థ ఏటా పది వేల డాలర్లు మంజూరు చేసి, ఆయన పద్ధతులను రాసిపెట్టడానికి జార్జ్ షల్ అనే శాస్త్రవేత్తను పంపింది. ఏ సంకరం దేనితో ఎప్పుడు జరిగిందో తేల్చే రాతలు సరిగ్గా లేక ఆ ప్రయత్నం అనుకున్నంత సాగలేదు, ఆ సాయమూ కొన్నేళ్లకు ఆగిపోయింది. ఆయన ఎంచిన మొక్కలు మిగిలాయి. ఎలా ఎంచాడన్నది చాలావరకు ఆయనతోనే పోయింది. ఓ రెండు వందల పేజీల పుస్తకం కొనుక్కోండి. ఏ పనికి ఏ రోజు ఎంతసేపు కూర్చున్నారో, ఎలా అనిపించిందో ఒక్క వరసలో రాయండి. మూడు నెలల తర్వాత ఆ వరసలే మీకు చీటీలు కడతాయి.

అన్నిటికంటే కష్టమైనది తీసేయడం. విత్తనపు పొలంలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరే కూలీలను గమనించండి. వరసల మధ్య నడుస్తూ, తేడాగా ఉన్న దుబ్బు కనబడగానే వేళ్లతో సహా పీకి గట్టు మీద పడేస్తారు. అది బాగా ఎదిగిన దుబ్బైనా సరే, వెన్నులు విరగగాసినా సరే. కొత్తవాడికి ప్రాణం ఉసూరుమంటుంది. ఇంత ఎదిగిందే అంటాడు. ఇంత ఎదిగింది కాబట్టే పక్కవాటి నీళ్లూ ఎరువూ అంతగా తాగింది. బర్బాంక్ ఒకసారి రెండు మూడేళ్లు పెంచిన 65 వేల బెర్రీ మొక్కలను కుప్పపోసి కాల్చేశాడు. మేలైనవి ఏరుకున్నాక మిగిలినవి అవి.

"రెండేళ్లు పెట్టాను కదండీ, ఇప్పుడెలా వదిలేస్తాను?" అన్న మాట నేను యువకుల దగ్గర వింటూనే ఉంటాను. ఆ రెండేళ్లు ఎటూ తిరిగి రావు. తేలాల్సింది మూడో ఏడాది దేనికివ్వాలన్నదే. నీళ్లు ఒకటే బోరు నుంచి రావాలి. రోజులో మీకు మిగిలే రెండు మూడు గంటలే ఆ బోరు. పది మడులకు పారిస్తే ఏ మడీ తడవదు.

అయితే ఏరేవాడి కన్ను పొరపాటు పడదా? పడుతుంది. అందుకు మన అన్నం పళ్లెమే సాక్ష్యం. మసూరి అనే వరి రకం సంకరం కటక్‌లో మొదలై, మలేసియాలో ఎంపికై, 1965లో అక్కడ విడుదలైంది. 1967-68 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని పరీక్షించి, పడిపోతోందన్న కారణంతో పక్కన పెట్టారు. ఒక వ్యవసాయ కూలీ చేతి మీదుగా ఆ విత్తనం రైతులకు చేరిందని వ్యవసాయ శాస్త్ర రచనల్లో నమోదైంది. రైతు నుంచి రైతుకు పాకి తూర్పు రాష్ట్రాలదాకా వెళ్లింది. తర్వాత మార్టేరులో వశిష్ఠ అనే రకాన్ని మసూరితో కలిపితే 1982లో స్వర్ణ వచ్చింది. బాపట్లలో మసూరి రక్తమే కలిసి 1986లో సాంబ మసూరి, అదే బీపీటీ 5204, వచ్చింది. పనికిరాదన్న మొక్కే లేకపోతే ఈ రెండూ లేవు.

అందుకే తెలిసిన శాస్త్రవేత్త తీసేసినదాని గింజలు కూడా కొన్ని చిన్న కవరులో పోసి, పేరు రాసి, చల్లని గదిలో పెడతాడు. మీరూ అలాగే చేయండి. వీణ మానేస్తున్నారా? వీణను అమ్మకండి, గుడ్డ కప్పి పైన పెట్టండి. కోర్సు ఆపేస్తున్నారా? నోట్సు చించకండి. నీళ్లు ఆపేయండి, గింజ మాత్రం పారేయకండి. అలా అనుకుంటే తీసేయడమూ తేలికవుతుంది.

ఇక్కడే దాదాజీ ఖోబ్రగడేను గుర్తు చేసుకోవాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెటూరి రైతు. చదువు మూడో తరగతి, భూమి ఎకరంన్నర. 1983లో తన పటేల్-3 వరి చేలో మూడు వెన్నులు పసుపు రంగులో తేడాగా కనిపించాయి. కొత్త రకం కోసం వెతుకుతూ వెళ్లినవాడు కాదు ఆయన. చూశాడు, ఆగాడు, కోసి పాలిథీన్ సంచిలో దాచాడు. మరుసటి ఏడు పొలం మధ్యలో ఆ గింజలు వేసి, అడవి పందులు రాకుండా చుట్టూ ముళ్లకంప పెట్టాడు. అలా ఏటేటా పెంచుకుంటూ పోతే సన్నని గింజ, మంచి దిగుబడి ఉన్న రకం తేలింది. అప్పట్లో హెచ్ఎంటీ గడియారం మోజు ఎక్కువ కాబట్టి వ్యాపారులు దానికి ఆ పేరే పెట్టారు. మన బియ్యం కొట్లలో కనిపించే హెచ్ఎంటీ సన్నబియ్యానికి ఆ పేరు అలా వచ్చింది. ఆయన 2018లో కన్నుమూశారు. కోరికల చిట్టా జేబులో ఉండాలి, నిజమే. చిట్టాలో లేని మంచిది ఎదురైనప్పుడు ఆగే తీరిక కూడా కంటికి ఉండాలి.

ఒక్క లోపం చూసి మంచిదాన్ని పోగొట్టుకోవడం మరో రకం పొరపాటు. సాంబ మసూరి వండితే అన్నం మల్లెపువ్వే. బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే మాత్రం తట్టుకోలేదు. దాని కోసం రకాన్నే వదులుకోలేదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే మూడు జన్యువులను వేరే మొక్క నుంచి తెచ్చి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరుస్తూ, గింజ గుణం చెడకుండా కాపాడుకున్నారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. సబ్జెక్టు బాగా వచ్చి ఇంగ్లిషులో నోరు తిరగని కుర్రాడు చేయాల్సింది ఇదే. వృత్తి మార్చుకోనక్కర్లేదు. ఆ ఒక్క లోపం మీద ఏడాది పనిచేస్తే చాలు.

ఒక హెచ్చరిక మాత్రం మనసులో మాటగా చెప్పాలి. ఈ ఏరివేత పనుల మీద, అలవాట్ల మీద చేయండి. మనుషుల మీద చేయకండి. ఇద్దరు పిల్లల్లో ఒకరికి చీటీ కట్టి, రెండోవారిని కేళీలా చూసే ఇళ్లున్నాయి. మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి, చివరి సెక్షన్‌కు మంచి టీచరును పంపని బడులున్నాయి. మొక్కకు ఒక్క పంటకాలమే గడువు, బిడ్డకు అలా కాదు. తల్లిదండ్రులకు, టీచర్లకు నా విన్నపం ఇదొక్కటే: ఏం ఉంచుకోవాలో, ఏం వదలాలో పిల్లలను తేల్చుకోనివ్వండి. వాళ్లను మాత్రం ఎవరినీ వదలకండి.

మీరు చేయాల్సింది ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనులన్నీ, సగంలో ఆగినవాటితో సహా, ఒక కాగితం మీద రాయండి. పక్కన మీకు కావాల్సిన మూడు గుణాలు రాయండి. గడ్డురోజుల్లో కూడా నిలిచినవాటికి టిక్కు పెట్టండి. అందులోంచి రెండింటిని ఉంచుకుని, మీకున్న సమయమంతా ఆరు నెలలపాటు వాటికే పారించండి. మిగతావాటి గింజ దాచండి. ఆరు నెలలయ్యాక అదే కాగితం తీసి ఆ రెండింటినీ మళ్లీ చూడండి. మొదటిసారి ఎంచిందే చివరిదాకా మేటిగా నిలవాలన్న నియమం పొలంలోనే లేదు. మీకు మీరు పెట్టుకోకండి. కాగితం మీద ఇవాళ్టి తేదీ వేయడం మాత్రం మరిచిపోవద్దు.